ఇద్దరికీ ఉంటే పోయే దోషం

తుర్కయంజాల్,
జులై 6

అక్కా,

ఈ రోజుల్లో ఉత్తరం ఏమిటని నవ్వుకోకు. ఫోన్ చేస్తే "హాస్టల్ పిల్లలు వచ్చారు, మళ్ళీ చేస్తా" అని పెట్టేస్తావు. ఆ మళ్ళీ అనేది ఇంతవరకు రాలేదు. ఉత్తరాన్ని మధ్యలో పెట్టెయ్యలేవు కదా, అందుకని రాస్తున్నాను.

సూటిగానే అడుగుతాను. మా సింధూర, మీ రవితేజల పెళ్ళి సంగతి ఏమైంది? సింధూర పుట్టిన రోజే అమ్మ దాన్ని ఒళ్ళో పెట్టుకుని "ఇది నా సంధ్య కోడలు" అంది. అప్పటినుంచి చుట్టాలందరూ ఆ మాటే అంటున్నారు. ఉగాదికి నువ్వే "శ్రావణంలో కూర్చుని మాట్లాడుకుందాం" అన్నావు. తీరా శ్రావణం దగ్గర పడేసరికి "ఇప్పుడే తొందరేముంది" అని బావతో కబురు పంపావు. బావ ఎవరో నేర్పించిన పాఠం అప్పజెప్పినట్టు ఆ ఒక్క ముక్కా చెప్పి లేచిపోయాడు. టీ కూడా తాగలేదు. మా ఇంట్లో టీ వద్దన్న బావను నేను ఇదే మొదటిసారి చూడడం.

మా ఆవిడ యాదలక్ష్మి ఏమంటోందో తెలుసా? "మీ అక్క కండ్లకు ఇప్పుడు మనం ఆనుతలేం" అంటోంది. నోర్మూసుకో అన్నాను. కానీ నా దుకాణం నుంచి పైపులు వేసుకుపోయే ఆటో అతను చైతన్యపురిలో నిన్ను చాలాసార్లు చూశాడట. ఎక్కడో తెలుసా? కోచింగ్ సెంటర్ బాపిరాజు గారి ఇంటి మెట్ల మీద. ఆయనకు పెళ్ళీడు కూతురు ఉందట, పేరు విజయదుర్గ అట, కారు తనే నడుపుతుందట. ఇవన్నీ అతనే చెప్పాడు, నేను అడగలేదు.

పెద్దింటి సంబంధం మీద మనసు పడ్డావా? అలాగైతే ఆ మాట నీ నోటితో చెప్పు. నాకు కోపం వస్తుంది, నాలుగు రోజులకు తగ్గుతుంది. ఇలా నాన్చడం మాత్రం నీకు తగదు.

దశరథ


చైతన్యపురి,
జులై 15

తమ్ముడు దశరథకు,

నీ ఉత్తరం అందింది. కవరు ఒకసారి విప్పి మళ్ళీ అంటించినట్టుంది. మీ ఇంట్లో విప్పారో, ఇక్కడ మా హాస్టల్లో విప్పారో తెలియదు. ఈసారి టేపు వెయ్యి. నేనూ ఫోన్లో చెప్పలేను. మీ ఇంట్లో ఫోన్ వస్తే స్పీకర్ మీద పెట్టి ఇంటిల్లిపాదీ వింటారు.

బాపిరాజు గారింటికి వెళ్ళిన మాట నిజమే. పని ఉండి వెళ్ళాను. విజయదుర్గకూ ఆ పనికీ ఏ సంబంధమూ లేదు. ఆ పిల్లకు మన రవి పేరు కూడా తెలియదు.

రవికి, సింధూరకు మాత్రం పెళ్ళి వద్దు. మేనరికాలు మంచివి కావని ఈమధ్య డాక్టర్లందరూ చెబుతున్నారు. సింధూర నా కళ్ళముందు పెరిగిన పిల్ల, దాన్ని వద్దనడానికి నాకు ఎంత కష్టంగా ఉందో నీకు తెలియదు. బయటి సంబంధం చూడు. పెళ్ళి ఖర్చులో నా వంతు నేను పెట్టుకుంటాను.

ఇంకొక్క మాట. సంబంధాలు చూడడం మొదలుపెట్టే ముందు దానికి ఒకసారి రక్తపరీక్ష చేయించు. ఎందుకని అడగకు. ఏ పరీక్షో నేను చీటీ మీద రాసి పంపిస్తాను.

చదివాక ఈ ఉత్తరం చించెయ్యి.

సంధ్య


తుర్కయంజాల్,
జులై 23

అక్కా,

చించలేదు. ఎందుకు చించాలి? దాచిపెట్టుకుంటాను, రేపు చుట్టాల్లో నువ్వు మాట మారిస్తే చూపించడానికి పనికొస్తుంది.

రక్తపరీక్షా? నా బిడ్డకా? కోడలిగా వద్దనుకున్నావు, సరే. దాని ఒంట్లో ఏముందో చూడమని నాకు చెప్పడానికి నీకు నోరెలా వచ్చింది? యాదలక్ష్మి అన్నం ముందు నుంచి లేచిపోయింది. "ఆడపిల్ల రక్తం జూసుడేంది? మా బిడ్డ మీద గింత అనుమానం ఉన్నదా మీ అక్కకు?" అని ఒకటే ఏడుపు. నేనేం చెప్పాలి?

మేనరికం మంచిది కాదని నీకు ఇప్పుడు తెలిసిందా? నువ్వు చేసుకున్నది ఎవర్ని? అమ్మకు సొంత తమ్ముణ్ణి. లింగస్వామిని మామ అనాలో బావ అనాలో తేల్చుకోలేక చిన్నప్పుడు నేను ఏ పేరూ పెట్టకుండా "ఇదిగో" అని నెట్టుకొచ్చాను. అప్పుడు లేని డాక్టర్లు ఇప్పుడు ఎక్కడినుంచి వచ్చారు?

పోనీ ఇది చెప్పు. పోయిన నెల ఎల్బీనగర్‌లో ఒక ల్యాబ్ ముందు రవిని చూశాను. మామను చూసి పలకరించాల్సింది పోయి హెల్మెట్ పెట్టుకున్నాడు. బండి స్టాండు కూడా తియ్యలేదు, కూర్చున్నవాడు కూర్చున్నట్టే హెల్మెట్ పెట్టుకుని నేను పోయేదాకా అటు తిరిగి ఉన్నాడు. వాడికేమైంది? చెప్పుకోలేని జబ్బేమన్నా తగిలించుకున్నాడా? తప్పు మీ వైపు పెట్టుకుని పరీక్ష నా బిడ్డకు చేయించమంటున్నావా? నాకు నిద్ర పట్టడం లేదు. ఈసారి కూడా "ఎందుకని అడగకు" అంటే నేనే హాస్టల్‌కు వచ్చి నీ పిల్లలందరి ముందు అడుగుతాను.

దశరథ


చైతన్యపురి,
ఆగస్టు 4

దశరథా,

హాస్టల్‌కు రాకు. చెబుతున్నాను.

మే నెలలో రవి ఆఫీసులో రక్తదాన శిబిరం పెట్టారు. వీడు వెళ్ళి చెయ్యి చాపితే "నీకే రక్తం తక్కువుంది, తీసుకోం" అన్నారు. ఐరన్ మాత్రలు మింగాడు, పెరగలేదు. అప్పుడు ఎల్బీనగర్ ల్యాబ్‌లో ఇంకో పరీక్ష చేయించమన్నారు. అందులో తలసీమియా క్యారియర్ అని వచ్చింది. నువ్వు చూసింది ఆ రోజే. వాడు హెల్మెట్ పెట్టుకున్నది భయపడి, పొగరుతో కాదు.

బాపిరాజు గారి భార్య సూర్యప్రభ గారు రక్తం జబ్బులు చూసే డాక్టరు. నేను మెట్లెక్కింది ఆవిడ కోసం. ఆవిడ నన్ను కూర్చోబెట్టి చెప్పింది. "కంగారు పడకండి సంధ్యారాణి గారూ, ఇది జబ్బు కాదండి. మనకు ప్రతిదీ రెండేసి వస్తాయి, అమ్మ నుంచి ఒకటి, నాన్న నుంచి ఒకటి. మీవాడికి ఒకటి మంచిది వచ్చింది, ఒకటి తేడాగా వచ్చింది. మంచిది పని నడిపించేస్తుంది. వాడు నిక్షేపంగా నూరేళ్ళుంటాడు" అంది. ఇంకో వింత కూడా చెప్పింది. వెనకటి రోజుల్లో దోమల జ్వరం ఊళ్ళకు ఊళ్ళను మింగేసేటప్పుడు, ఇలా ఒకటి తేడాగా ఉన్నవాళ్ళ రక్తంలో ఆ జ్వరం అంతగా పాగా వెయ్యలేకపోయేదట. వాళ్ళు మిగిలారు, పిల్లల్ని కన్నారు. అందుకే ఆ తేడా అంతరించిపోకుండా మన దాకా వచ్చిందట. మన ముత్తాతలు బతికింది దాని చలవేనేమో.

నాకూ ఉంది. పరీక్ష చేయించుకున్నాను. నాకుందంటే అమ్మ వైపు నుంచో నాన్న వైపు నుంచో వచ్చినట్టే కదా. అలాగైతే నీకూ ఉండొచ్చు, నీ నుంచి సింధూరకూ రావచ్చు. అందుకే పరీక్ష అన్నాను. అది చూసుకుని దానికి తగ్గట్టు సంబంధం చూడాలి. ఇంతకంటే నన్ను రాయించకు.

ఎందుకు దాచానంటావా? "ఆ ఇంట్లో రక్తం బాగాలేదట" అని ఒక్కరు అంటే చాలు, మన రెండిళ్ళ పిల్లలూ పెళ్ళిళ్ళు లేకుండా మిగిలిపోతారు. జనానికి క్యారియర్ అన్నా రోగి అన్నా ఒకటే.

సంధ్య


తుర్కయంజాల్,
సెప్టెంబర్ 10

అక్కా,

ముందు నన్ను తిట్టు. నిన్ను అనరాని మాటలన్నాను. ఇప్పుడు శుభవార్త విను.

నేనూ పరీక్ష చేయించుకున్నాను. నాకుంది. సింధూరకు ఉద్యోగంలో మెడికల్ అడుగుతున్నారని అబద్ధం చెప్పి తీసుకుపోయి చేయించాను. దానికీ ఉంది! రిపోర్టు చూసి ముందు భయపడ్డాను. తర్వాత కూర్చుని ఆలోచిస్తే దారి కనిపించింది. ఇంత చదువుకున్న వాళ్ళ ఇంటి మెట్లు ఎక్కి దిగావు, నీకెందుకు తట్టలేదక్కా?

నాకు కుజదోషం. నాకు పిల్లనివ్వమని ఎంతమంది తిప్పి పంపారో నీకు గుర్తే. యాదలక్ష్మికీ కుజదోషం. ఇద్దరికీ ఉంది కాబట్టి ఒకదానికొకటి కొట్టుకుపోతుందని నాన్న ఆ సంబంధం ఖాయం చేశాడు. ఇరవై ఆరేళ్ళయింది. చిల్లర గొడవలు తప్ప మాకేమైంది? నువ్వు కూడా "తగ్గట్టు సంబంధం చూడాలి" అనే రాశావు. రవికుంది, సింధూరకుంది. ఇంతకంటే తగిన సంబంధం ఎక్కడ దొరుకుతుంది? కర్మన్‌ఘాట్‌లో మన సిద్ధాంతిని కూడా అడిగాను. "దోషం ఒక్కలకుంటెనే భయం. ఇద్దరికుంటె ఏం గాదు" అన్నాడు. రక్తం సంగతి విప్పి చెప్పలేదులే, పైపైన అడిగాను.

దసరా తర్వాత లగ్గం పెట్టుకుందాం. బావకు చెప్పు. ఈసారి టీ తాగకుండా పోతే ఊరుకోను.

దశరథ


చైతన్యపురి,
సెప్టెంబర్ 14

దశరథా,

వద్దు. వద్దు. ఇది కుజదోషం కాదు. ఇద్దరికీ ఉంటే పోదు, అప్పుడే ప్రాణం మీదికి వస్తుంది.

తల్లి దగ్గర ఒకటి తేడా, తండ్రి దగ్గర ఒకటి తేడా అయితే బిడ్డకు రెండూ తేడావే రావచ్చు. ప్రతి కాన్పుకూ నాలుగింట ఒక వంతు ఆ భయం ఉంటుంది. అలా పుట్టిన బిడ్డకు సొంత రక్తం నిలవదు. నెలనెలా ఎక్కించుకుంటూ బతకాలి. కడుపులో ఉండగానే తెలుసుకునే పరీక్షలున్నాయట. కానీ ప్రతిసారీ ఉంచుకోవాలా తీయించుకోవాలా అన్న నరకం ఆ పిల్ల నెత్తిన మనం ఎందుకు పెట్టాలి? ఈ తేడా లేని అబ్బాయికి ఇస్తే ఏ గొడవా లేదు. పిల్లలకు మహా అయితే రవిలాగా, నీలాగా ఒకటి వస్తుంది, అంతే.

నువ్వు రాకపోయినా సరే, సింధూరను ఒక్కసారి సూర్యప్రభ గారి దగ్గరికి పంపు. ముందు దానికి నిజం చెప్పు.

సంధ్య


తుర్కయంజాల్,
అక్టోబర్ 8

అక్కా,

నీ ఉత్తరాలన్నీ ముందు పెట్టుకుని చదివాను. జులైలో మేనరికం మంచిది కాదన్నావు. ఆగస్టులో ఇది జబ్బే కాదు, దీనివల్లే ముత్తాతలు బతికారన్నావు. సెప్టెంబర్లో ప్రాణం మీదికి వస్తుందన్నావు. నేనే ఇలా నెలకో మాట రాస్తే నువ్వయినా నమ్ముతావా? నాకైతే ఒక్కటే కనిపిస్తోంది. నీకు నా బిడ్డ వద్దు. ఎప్పటికప్పుడు ఒక కొత్త సాకు వెతుకుతున్నావు.

వద్దంటే వద్దు. దేవుడు నాకు వేరే దారి చూపించాడు. ఎల్బీనగర్‌లో అంజయ్య అని మన జిల్లావాళ్ళే, సొంత లారీలున్నాయి. వాళ్ళబ్బాయి కృష్ణకు డెంగీ వచ్చినప్పుడు చేసిన పరీక్షల్లో ఇదే బయటపడిందట. వాళ్ళూ నాలాగే పరేషాన్ అయి, ఇదే ఉన్న పిల్ల కోసం చూస్తున్నారట. మధ్యవర్తి నవ్వుతూ "గాళ్ళకు గదే, మీకు గదే. గింత మంచి జోడీ నేను మల్ల దేలేను" అన్నాడు. చెప్పుకోలేని సంగతి రెండిళ్ళలోనూ ఉంది కాబట్టి ఒకరినొకరు ఎత్తిపొడుచుకునే భయం కూడా లేదు. పిల్లలు చూసుకున్నారు. కార్తీకంలో నిశ్చితార్థం.

నువ్వు వస్తే మేనత్తగా పీట వేస్తాను. రాకపోయినా అడగను. ఒక్కటే చెబుతున్నాను, వాళ్ళ ఫోన్ నంబరు సంపాదించి చెడగొట్టే పని మాత్రం పెట్టుకోకు. నీ కొడుక్కి చేసుకోలేదు, ఇంకొకరి కొడుక్కి కూడా చెయ్యనివ్వవా?

దశరథ


చైతన్యపురి,
అక్టోబర్ 12

తమ్ముడూ,

నా మాటలు మారాయన్నావు. మారలేదు. ఒకటి చెప్పకుండా దాని చుట్టూ తిరిగాను, అందుకే నీకు అలా కనిపించింది. ఇప్పుడు చెబుతాను.

సంతోషి గుర్తుందా? నీకప్పుడు పదిహేడేళ్ళు. నా మొదటి బిడ్డ నా చంకలో కంటే నీ భుజం మీదే ఎక్కువ తిరిగింది. ఆరు నెలల దాకా ముద్దుగా ఉంది. ఆ తర్వాత రంగు పోతూ వచ్చింది. పొట్ట ఉబ్బితే నులిపురుగులన్నారు, మందు పోశాం. కళ్ళు పచ్చబడితే కామెర్లన్నారు, పసరు పోయించాం. నల్లగొండ దవాఖానలో ఒకసారి రక్తం ఎక్కించారు. రక్తం నువ్వే ఇచ్చావు, పేరు తప్పు చెప్పి, వయసు ఎక్కువ చెప్పి. ఆ నెల రోజులు అది ఇల్లంతా పరుగెత్తింది. మళ్ళీ వాడిపోయింది. మళ్ళీ ఎక్కించాలని మాకెవరూ చెప్పలేదు. చెప్పారో, మాకు అర్థం కాలేదో. మూడో ఏడు నిండకుండానే పోయింది.

దానికి రోగమేమిటో ఎవరికీ తెలియలేదు. కానీ ఏదో ఒకటి అనాలి కదా. "తల్లి పాలు చెడ్డవి" అన్నారు. అమ్మ కూడా అంది. నేనూ నమ్మాను. రవి పుడితే రొమ్ము చేపుకొస్తున్నా వాడికి ఇవ్వలేదు, గుడ్డ కట్టుకుని డబ్బా పాలు పట్టాను. వాడు ఏడుస్తుంటే పక్కగదిలో కూర్చుని నేను ఏడ్చాను. ఇది నీకే కాదు, ఎవరికీ చెప్పలేదు.

సూర్యప్రభ గారు రిపోర్టు చూసి మొదట అడిగిన మాట "మీకు పసిబిడ్డ ఎవరైనా పోయారా?" అని. తర్వాత మీ బావకూ పరీక్ష చేయించింది. ఆయనకూ ఉంది. నాకూ ఉంది. ఇద్దరికీ ఉంది దశరథా! నువ్వు చెప్పినట్టే ఇద్దరికీ ఉంది. కొట్టుకుపోయింది దోషం కాదు, నా బిడ్డ.

నా పాలు చెడ్డవి కావని ఈ వయసులో తెలిసింది. సంతోషించాలో గుండెలు బాదుకోవాలో తెలియలేదు. మీ బావ ఆ రోజు నుంచి సరిగ్గా తినడం లేదు. అది పోయినప్పటినుంచి ఆయన దాని పేరు ఎత్తలేదు, ఇప్పుడూ ఎత్తడు. ఆయన ముందు ఆ మాట రాకూడదనే నీకు ఇన్నాళ్ళూ రాయలేదు.

రవి దక్కడం మా అదృష్టం. సింధూరను అదృష్టం మీద వదిలెయ్యకు. నన్ను నమ్మకపోయినా ఫరవాలేదు. నీ భుజం మీద అది ఎంత తేలిగ్గా ఉండేదో నీకు తెలుసు కదా, దాన్ని నమ్ము.

మీ అక్క


తుర్కయంజాల్,
అక్టోబర్ 27

అక్కా,

నీ ఉత్తరం దుకాణంలో చదివి షట్టర్ దించేశాను. ఇంటికి పోయి యాదలక్ష్మికి చదివి వినిపించబోయాను, సంతోషి పేరు దగ్గర ఆగిపోయాను. సింధూర నా చేతిలోంచి తీసుకుని తల్లికి చదివింది. చదవడం అయ్యాక నా వైపు తిరిగి "నాయినా, నా రక్తం సంగతి నీకెరుక, అంజయ్య మామకెరుక, మధ్యవర్తికెరుక. నాకు దప్ప అందరికెరుక" అంది. కోప్పడి అరిచినా బాగుండేది. మెల్లగా అంది. మర్నాడు తనే సూర్యప్రభ గారి దగ్గరికి వెళ్ళి అన్నీ అడిగి వచ్చింది. ఈ సంబంధం వద్దంది. ఇకమీదట వచ్చే ఏ అబ్బాయికైనా ముందు తనే చెబుతానంది.

మొన్న ఆదివారం ఎల్బీనగర్ వెళ్ళి అంజయ్యకు వద్దని చెప్పాను. కారణం కూడా చెప్పాను. నువ్వు రాసినట్టే, నాలుగింట ఒక వంతు అని కూడా చెప్పాను. ఆయన నన్ను ఎలా చూశాడో చెప్పలేను. "ఏందన్నా, పిల్ల ఎవర్నన్న ప్రేమించిందా? ఇంకో పెద్ద సంబంధం దొరికిందా? సీదా చెప్పు. గీ రక్తం కతలు మాకెందుకు?" అన్నాడు. ఆయన భార్య లోపలినుంచి "ఆళ్ళింట్ల ఇంకేదో ఉన్నది, మనకు దాస్తున్నరు" అంటోంది, నాకు వినబడేట్టుగానే. నీ మీద నాకు కలిగిన అనుమానాలన్నీ ఆ ఇంట్లో నా మీదికి వచ్చి కూర్చున్నాయి. సిగ్గుతో తలెత్తలేకపోయాను.

నేను ఊరుకుని వచ్చేద్దును. కానీ గేటు దగ్గర మధ్యవర్తి ఒక మాట చెప్పాడు. అంజయ్య వాళ్ళకు ఇంకో పిల్ల దొరికిందట. ఆమెకూ ఇదే ఉందట, ఆ పిల్ల ఇంటివాళ్ళూ ఇద్దరికీ ఉంటే పోతుందనే అనుకుంటున్నారట. వచ్చే నెలలోనే లగ్గం. ఆ పిల్ల ఎవరో, ఏ ఊరో నాకు చెప్పలేదు. చెబితే చెడగొడతానని.

అక్కా, నేను వాళ్ళకు లెక్క చెప్పాను. లెక్క నాకూ ఎక్కలేదు కదా, వాళ్ళకెలా ఎక్కుతుంది? నాకు ఎక్కింది సంతోషి. ఆ సంగతి నేను చెబితే కట్టుకథ అంటారు. కన్నతల్లివి నువ్వు చెప్పాలి. ఆదివారం పొద్దున బండి తీసుకుని హాస్టల్ దగ్గరికి వస్తాను.

నువ్వొక్కదానివే వస్తే ఆడదాని ఏడుపు అని కొట్టిపారేస్తారు. బావ కూడా రావాలి. తనకూ ఉందని, తన బిడ్డ ఇలాగే పోయిందని ఆ ఇంటి మగవాళ్ళ ముందు ఆయనే చెప్పాలి. ఆయన ఆ పేరు ఎత్తడని నాకు తెలుసు. అయినా అడుగు. ఎవరో కన్న పిల్ల కోసం ఒక్కసారి ఎత్తమను.

నీ తమ్ముడు
దశరథ